పాడవని ముప్పై కార్డులు

ప్రాక్టికల్ పరీక్షల రోజు, సోమవారం పొద్దున ఎనిమిదింటికి ల్యాబ్ తాళం తీసి, మెయిన్ స్విచ్ వేసి, నలభై కంప్యూటర్లు ఒకదాని తర్వాత ఒకటి ఆన్ చేశాను. కిటికీ పక్క వరసలోని పదీ మామూలుగానే లేచాయి. మిగతా మూడు వరసల్లో ముప్పై తెరలు నల్లగా ఉండిపోయాయి. ఎడమ మూలన ఒక తెల్లటి గీత మాత్రం ఆరుతూ వెలుగుతూ ఉంది. మొదటిదాన్ని ఆపి మళ్లీ వేశాను. అదే నలుపు. రెండోది, మూడోది కూడా అంతే. ఒక మిషన్ చెడిపోయిందంటే అర్థం చేసుకోవచ్చు. ముప్పై మిషన్లు ఒకేసారి, ఒకే తీరున ఎలా చెడిపోతాయి?

మొయినాబాద్‌లో రోడ్డు వారగా ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నేను పదకొండేళ్లుగా కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్నాను. ఉండేది చేవెళ్లలో. పొద్దున్నే మెహదీపట్నం పోయే బస్సెక్కి కాలేజీ గేటు దగ్గర దిగుతాను, సాయంత్రం అదే దారిన వెనక్కి. ఈ పదకొండేళ్లలో కోపం వచ్చిన రోజులు చాలానే ఉన్నాయి. వచ్చింది, పోయింది. ఆ సోమవారం వచ్చిన కోపం మాత్రం ఇంకా పోలేదు.

ఆ ముప్పై కంప్యూటర్లలో గ్రాఫిక్స్ కార్డులున్నాయి. తెర మీద బొమ్మ వేసేది ఆ కార్డే. లక్షల లెక్కలు ఒకేసారి చేయగలదు కాబట్టి ఇప్పటి పిల్లల ప్రాజెక్టులు చాలావరకు దాని మీదే నడుస్తాయి. కార్డుకు డ్రైవర్ కావాలి. డ్రైవర్ అంటే కంప్యూటర్ చెప్పే మాటను కార్డుకు అర్థమయ్యేలా చేరవేసే ప్రోగ్రాం. అది లేకపోతే కార్డు ఉండీ లేనట్టే. మా ముప్పై కార్డుల డ్రైవర్‌ను వాటిని తయారుచేసిన కంపెనీయే రాసి ఇస్తుంది. లోపల ఏం రాసిందో ఎవరికీ చూపించదు. కిటికీ వరసలో ఉన్నవి ఇంకో కంపెనీవి, వీటికన్నా పాతవి. వాటి డ్రైవర్ బాహాటంగా ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, తప్పులు దిద్దొచ్చు. మా కంప్యూటర్లను నడిపే లినక్స్‌తో పాటే వస్తుంది.

శని, ఆదివారాల్లో ల్యాబ్ కంప్యూటర్లకు అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టింది నేనే. అలా పెట్టాలని కాలేజీ సర్క్యులర్ కూడా ఉంది. ఆ వారం పడిన అప్‌డేట్‌తో కంపెనీ డ్రైవర్ కొత్తది వచ్చింది, పాతది పోయింది. కొత్త డ్రైవర్ పనిచేసే కార్డుల జాబితాలో మా కార్డు పేరు లేదు. కంపెనీ తీసేసింది. ఇది తెలుసుకోవడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. పాత డ్రైవర్ కోసం కంపెనీ సైట్‌లో వెతికాను. దొరికింది కానీ, మా కాలేజీ ఇంటర్నెట్ మీద డౌన్‌లోడ్ సగందాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ ఆగింది.

తొమ్మిదింటికి సిటీలో మాకు కార్డులు అమ్మిన డీలర్‌కు ఫోన్ చేశాను.

"ఆ మోడల్‌కు సపోర్ట్ బంద్ అయ్యింది మేడం," అన్నాడు. "కొత్తవి తీసుకోండ్రి."

"కార్డులు ఖరాబైనయా?"

"ఖరాబెందుకైతయి? కార్డు మంచిగనే ఉంటది. డ్రైవర్ రాదు, గంతే."

ఎంత మామూలుగా అన్నాడంటే, అది అతనికి రోజూ చెప్పే మాటే అని తెలిసిపోయింది. ఫోన్ పెట్టేశాను. వస్తువు బాగానే ఉంది. కొన్నది మేము. మా బల్ల మీద, మా కరెంటుతో నడుస్తోంది. ఎక్కడో కూర్చున్న ఒకడు జాబితాలోంచి ఒక పేరు కొట్టేస్తే మొయినాబాద్‌లో ముప్పై తెరలు ఆరిపోయాయి. కనీసం ముందుగా ఒక మాట చెప్పాలన్న ఇంగితం కూడా లేదు.

ప్రిన్సిపాల్ వచ్చి, నల్లటి తెరలను ఒక చివర నుంచి ఇంకో చివరి దాకా చూసి, నా వైపు తిరిగాడు.

"పరీక్ష ముంగట ఎవరన్న అప్‌డేట్లు పెడతరా అమ్మా? ఆదివారం వచ్చి ఒక్కసారి చూస్కోవద్దా?"

"సర్క్యులర్ల ఉన్నది సార్, పెట్టాలని."

"సర్క్యులర్ పరీక్షలు పెడ్తదా? ఎగ్జామినర్ వచ్చే టైమైంది. ఏం చేస్తవో చెయ్యి."

చేయగలిగింది ఒకటే ఉంది. కిటికీ వరసలో పది మంది చొప్పున కూర్చోబెట్టి పరీక్ష పెట్టాం. రెండు బ్యాచ్‌ల్లో మధ్యాహ్నానికి అయిపోవాల్సిన అరవై మంది పరీక్ష ఆరు బ్యాచ్‌లై సాయంత్రం దాకా సాగింది. పిల్లలు వరండాలో నేల మీద కూర్చుని ఎదురుచూశారు. ఊళ్లకు పోయే బస్సులు తప్పిపోతాయని కొందరు ఆడపిల్లలు మాటిమాటికీ తలుపు దగ్గరికి వచ్చి నన్ను చూసి వెళ్లిపోయేవారు. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే నయంగా ఉండేది.

చివరి బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఉంది. ఆలూరులో రోడ్డు పక్కన గులాబీ తోట ఉన్నవాళ్ల పిల్ల. వాళ్ల తోటలోనే ఫోన్‌తో ఆకుల ఫోటోలు వేలకొద్దీ తీసి, ఏ ఆకుకు ఏ తెగులు పట్టిందో చెప్పే ప్రోగ్రాం రాసింది. మచ్చ ఇంకా కంటికి సరిగా ఆనకముందే అది పట్టుకునేది. ఏడాదంతా దాని మీదే కూర్చుంది. పోయిన శుక్రవారం రెండో వరసలో తన కంప్యూటర్ మీద నాకు నడిపి చూపించింది. నేను బ్యాగులోంచి మా పెరటి గులాబీ ఆకు ఒకటి తీసి ఇస్తే, దానికి కూడా సరిగ్గా చెప్పింది.

ఆ ప్రోగ్రాం కిటికీ వరసలో నడవదు. ఆ కంపెనీ తన కార్డుల కోసం తానే తయారుచేసి ఇచ్చిన పద్ధతిలో రాసింది అది. వేరే కార్డు మీద నడవదు, కార్డు లేకుండా అసలే నడవదు. ఆ పద్ధతిలోనే రాయమని ఆమెకు చెప్పింది నేను. త్వరగా అవుతుంది, ఉద్యోగాల్లో కూడా అదే అడుగుతారు అని చెప్పాను.

ఎగ్జామినర్ బయటి కాలేజీ నుంచి వచ్చిన మనిషి. పొద్దున నుంచి కూర్చుని అలిసిపోయి ఉన్నాడు. "ప్రాజెక్ట్ చూపించమ్మా," అన్నాడు.

"మిషన్ నడుస్తలేదు సార్. రిపోర్ట్ ఉన్నది, ఫోటోలున్నయి."

"ఫోటోలు ఎవరైనా పెట్టవచ్చు. నడిపి చూపించాలి కదా."

ఆమె నా వైపు తిరిగింది. "మేడం, శుక్రవారం నడిచింది గద. మీరు చూసిన్రు గద."

"చూసిన," అన్నాను. "సార్, నా కండ్ల ముందల నడిచింది. మా ఇంటి ఆకు ఇస్తే గూడ చెప్పింది. ఈ కార్డులకు డ్రైవర్ పోయింది, పిల్లల తప్పేం లేదు."

"మీరు చూశారు మేడం, నేను చూడలేదు." కసురుకోలేదు. నెమ్మదిగానే అన్నాడు. కాగితం మీద 'ప్రదర్శించలేదు' అని రాశాడు. ఆ పిల్ల ఆ మాటను ఎదురుగా నిలబడి తలకిందులుగానే చదివింది. తర్వాత బ్యాగు తీసుకుని, నాకు చెప్పే వెళ్లింది, "పోయొస్త మేడం," అని.

ఆ సాయంత్రం బస్సులో చేవెళ్లకు వెళ్తుంటే కిటికీ బయట ఫామ్‌హౌస్‌ల ప్రహరీలు ఒకదాని తర్వాత ఒకటి పోతున్నాయి. నాకు మాత్రం ఏడేళ్ల కిందటి ఒక మీటింగే కనిపిస్తోంది.

అప్పట్లో ల్యాబ్‌లో నాకు పైన ఒక అన్న ఉండేవాడు. ఆలూరు మనిషి. కాలేజీలో ఎలక్ట్రీషియన్‌గా చేరాడు. అంతకుముందు బోరు మోటార్లకు వైండింగ్ చుట్టేవాడు. కంప్యూటర్లను కూడా మోటార్లలాగే విప్పి, చూసి, నేర్చుకున్నాడు. చదువు లేదు కానీ ల్యాబ్‌లో ఆయనకు తెలియనిది లేదు. నేను చేరిన కొత్తలో నాకు పని నేర్పింది కూడా ఆయనే.

ఆ ముప్పై కార్డులు కొనేటప్పుడు కమిటీ ముందు నేను వేగాల పట్టికలు చూపించాను. ఈ కంపెనీ కార్డు ఇంత వేగం, ఆ కంపెనీది ఇంతే అని. ఆయన మూల కుర్చీలోంచి లేచి అన్నాడు: "గా కార్డులు వద్దు సార్. లోపట ఏమున్నదో చెప్పనోని సామాను గిన్ని ఒక్కసారే తీసుకోవద్దు. రేపు వాడు బంద్ చేస్తే మనం ఏం చేస్తం? డ్రైవర్ తెరిచి ఉన్నవి తీసుకుందాం. జర నెమ్మదిగ నడిస్తే నడవనీ."

నేను నవ్వాను. "అన్నకు ఇంకా మోటార్ల అలవాటు పోలేదు సార్, ప్రతిదీ విప్పి చూడాలంటడు," అన్నాను. కమిటీ అంతా నవ్వింది. ఆయన కూర్చున్నాడు. ఆ తర్వాత దాని గురించి ఒక్క మాట కూడా నాతో అనలేదు. మరుసటి ఏడు రిపేర్ల పని బయటి ఏజెన్సీకి ఇచ్చి ఆయన కాంట్రాక్టు ఆపేశారు. నేను అడ్డం పడలేదు. అప్పుడు నాకు అది సబబుగానే అనిపించింది. ఇది రాయడం నాకు ఇష్టంగా లేదు. అయినా రాయాలి, ఎందుకంటే ఆ సోమవారం నా కోపంలో సగం కంపెనీ మీదైతే మిగతా సగం నా మీదే.

మర్నాడు సెలవు పెట్టి ఆలూరు వెళ్లాను. రోడ్డు మీదే రేకుల షెడ్డు. వార్నిష్ వాసన గుప్పుమంటోంది. ఆయన నేల మీద కూర్చుని ఒక మోటారుకు రాగితీగ చుడుతున్నాడు. నన్ను చూసి తీగ వదలకుండానే, "రాండ్రి మేడం," అన్నాడు. ఇంతకుముందు నన్ను చెల్లె అనేవాడు.

ఒక ప్లాస్టిక్ స్టూలు జరిపి కూర్చున్నాను. జరిగింది మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆయన చుట్టడం ఆపలేదు. అంతా అయ్యాక అన్నాడు:

"ఆ రోజు నన్ను జూసి నవ్విన్రు గద మేడం."

"నవ్విన. అందరిని నవ్వించింది గూడ నేనే అన్నా."

"నవ్వు సంగతి గాదు. నవ్వినంక మీరు పట్టిక ఇంకోసారి చూస్తరనుకున్న. చూడలే."

ఆయన తీగను ఇంకో రెండు చుట్లు తిప్పాడు. తర్వాత ఆయన అడిగాడు, "ఎగ్జామినర్ చూపించలేదని రాసిండన్నరు గద. ఎవరి పిల్ల?"

"మీ ఊరే. రోడ్డు పక్కన గులాబీ తోట వాళ్లు."

ఆయన చేతిలోని తీగ ఆగింది. "గా పిల్లనా? మా తోటల గూడ ఆకులు తెంపుకపోయింది గద ఫోటోలకని." లేచి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "కంపెనోళ్లు చేసేది చేస్తనే ఉంటరు చెల్లె. నాకు కోపం ఎందుకంటే, తెలిసి గూడ మీరే వాళ్ల ఉరిల మెడ పెట్టిన్రు. పా, రేపు వస్త."

బుధవారం పొద్దున బండి మీద వచ్చాడు. చేతిలో ఒక స్టీలు టిఫిన్ డబ్బా. అందులో పెన్‌డ్రైవ్‌లు, ఒక పాత హార్డ్ డిస్క్. కాలేజీలో ఉన్నంతకాలం వచ్చిన ప్రతి డ్రైవర్‌ను దాచిపెట్టాడట. "పారేసే సామాను గాదు గదా," అన్నాడు.

ముందు బాహాటంగా ఉండే డ్రైవర్‌తో చూశాం. మా కార్డులకు కూడా అలాంటిది ఒకటి ఉందని పరీక్ష రోజు కంగారులో నాకు తట్టనే లేదు. కంపెనీ ఇచ్చింది కాదు. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో, కంపెనీ ఒక్క కాగితం ఇవ్వకపోయినా, కార్డు ఎలా పలుకుతుందో బయటి నుంచే కనిపెట్టి, ఏళ్ల తరబడి కూర్చుని రాశారు. అది వేయగానే ముప్పై తెరలూ లేచాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మామూలు ల్యాబ్ క్లాసులకు అది చాలు. కానీ ఆ పిల్ల ప్రోగ్రాం దాని మీద నడవదు. ఆ పైన, కార్డు దాని అసలు వేగంలో చిన్న భాగం దగ్గరే ఆగిపోయింది.

"ఎందుకు గింత నెమ్మదిగున్నది?" అని అడిగాను.

"వేగం పెంచాలంటే కార్డు ఒక ఫైల్ అడుగుతది. ఆ ఫైల్ మీద కంపెనీ ముద్ర ఉంటెనే తీసుకుంటది. గీ డ్రైవర్ రాసినోళ్లకు ఆ ముద్ర యాడికెళ్లి వస్తది? ముద్ర వేసే చాబీ కంపెనీ దగ్గరున్నది. వాళ్లకు ఈ కార్డులతోని ఇంక పనిలేదు. అయినా చాబీ ఇయ్యరు."

ఇది విన్నాక నాకు ఒళ్లు మండిపోయింది. డ్రైవర్ రాయడం ఆపేశారు, సరే. పాత వాటికి జీవితాంతం రాస్తూ కూర్చోమని ఎవరూ అడగలేదు. కానీ ఊరికే రాసిపెడతామని వేరేవాళ్లు ముందుకొస్తే, వాళ్లను గుమ్మంలోనే ఆపడానికి తాళం వేసి ఉంచడం ఏమిటి? తాము వదిలేసిన వస్తువును ఇంకొకరు బతికించకూడదన్న పట్టుదల ఏమిటి? ఆలూరులో ఆయన విప్పని మోటారు లేదు. ఏ కంపెనీది తెచ్చినా విప్పుతాడు, చుడతాడు, మళ్లీ నీళ్లు పోయిస్తాడు. రైతును పట్టుకుని, ఈ మోటారుకు కాలం తీరింది, విప్పితే ఊరుకోం అని ఏ కంపెనీ అయినా అంటే పొలం గట్టు మీదే తన్ని పంపేవాళ్లు. మేము మాత్రం ఇంత చదువుకుని, "ఎండ్ ఆఫ్ సపోర్ట్" అనే మాట చదివి తలూపుతున్నాం.

రెండో దారి, వెనక్కి పోవడం. ఆయన డబ్బాలోంచి పాత డ్రైవర్ తీసి, దానికి సరిపోయే పాత లినక్స్‌ను అయిదు కంప్యూటర్లలో వేశాడు. అప్‌డేట్లు ఆపేశాడు. ఇంటర్నెట్ వైర్లు పీకేశాడు. "గివి ఇంక గిట్లనే ఉండాలె. మళ్ల నెట్‌కు కలపొద్దు," అన్నాడు. ఆ పిల్లకు ఫోన్ చేసి రమ్మన్నాను. మధ్యాహ్నానికి వచ్చి తన కంప్యూటర్ ముందు కూర్చుంది. ప్రోగ్రాం నడిచింది. ఆయన జేబులోంచి తన తోట ఆకు ఒకటి తీసి ఇచ్చాడు. ఫోటో తీసి పెట్టింది. తెర మీద వచ్చిన తెగులు పేరు చదివి ఆయన, "నిన్న మందు కొట్టిన దీనికే," అన్నాడు. ఆ పిల్ల ఆ వారంలో మొదటిసారి నవ్వింది.

నేను అప్పటికప్పుడే ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. ఎగ్జామినర్‌ను ఒక్క గంట పిలిపించండి, లేదా ఇంకెవరినైనా పెట్టి చూడమనండి అని అడిగాను.

"మార్కులు అప్‌లోడ్ అయిపోయినయమ్మా."

"దిద్దొచ్చు గద సార్."

"ఒక్క పిల్ల కోసం రూల్స్ మార్చుమంటవా?"

"ఒక్క పిల్ల గాదు సార్. మన ల్యాబ్ పనిచెయ్యక ఆ పిల్లకు పోయినయి మార్కులు. తప్పు మనది."

"తప్పు మనది అని కాగితం మీద రాసిస్తవా నువ్వు?"

"రాసిస్త," అన్నాను. అక్కడే కూర్చుని రాశాను. ల్యాబ్ ఇన్‌చార్జిగా ప్రోగ్రాం నడవడం శుక్రవారం నేను చూశాననీ, సోమవారం నడవకపోవడం కాలేజీ లోపమేననీ రాసి సంతకం పెట్టి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చదవకుండా ఫైల్ కింద దోపాడు. అప్పుడు నా గొంతు బయటి వరండాలోకి వినిపించేంత పెరిగింది. పదకొండేళ్లలో ఆ గదిలో నేను గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. ఆ కాగితం యూనివర్సిటీకి వెళ్లే దాకా రోజూ వస్తానని చెప్పాను. రోజూ వెళ్లాను కూడా. తొమ్మిదో రోజు పంపారు. అలాంటి వెసులుబాటు లేదని జవాబు వచ్చింది. ఇంకోసారి రాయబోతే ఆ పిల్లే ఆపింది.

"ఇంక రాయకుండ్రి మేడం. అందరు నన్నే అడుగుతున్నరు. సిగ్గయితున్నది."

మార్కులు అలాగే ఉండిపోయాయి. పాసైంది, కానీ ఏడాది కష్టానికి రావాల్సింది రాలేదు. ఇప్పుడు సిటీలో ఏదో ఆఫీసులో పనిచేస్తోంది. ఆ ప్రోగ్రాం సంగతి నాతో మళ్లీ ఎత్తలేదు.

వేసవి సెలవుల్లో కాలేజీ ఛైర్మన్ ఒక మీటింగ్ పెట్టాడు. ఇక్కడి భూస్వాముల కుటుంబం, రాజకీయాల్లో తిరిగే మనిషి. కొత్త కార్డులు కొనేద్దాం, ఓపెనింగ్‌కు పెద్దవాళ్లను పిలుద్దాం అన్నాడు. మళ్లీ ఆ కంపెనీవే. కొటేషన్ పట్టుకుని డీలర్ మనిషి కూడా వచ్చాడు. డ్రైవర్ తెరిచి ఉన్న కార్డులే కొనాలని నేను కాగితం మీద ఒక్క వాక్యం రాసుకొచ్చాను.

"డ్రైవర్ ఎవడైతేంది అమ్మా, బండి నడవాలె గని," అన్నాడు ఛైర్మన్. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎలా ఉంటుందో కూర్చున్నవాళ్ల వైపు నుంచి నాకు తెలుసు. నిలబడ్డవాళ్ల వైపు నుంచి ఆ రోజు తెలిసింది.

డీలర్ మనిషి ముందుకు వంగాడు. "ఇప్పుడు మా కంపెనీ కూడా ఓపెనే మేడం. కొత్త కార్డులకు డ్రైవర్ బయట పెట్టిన్రు."

"మొత్తమా?"

"కొంత భాగం."

"మిగిలింది?"

"అది కార్డు లోపట్నే ఉంటది మేడం, ముద్ర వేసి."

"పాత కార్డులకు?"

"పాతవాటికి లేదు."

"అంటే తలుపు తీసి, లోపటి అర్రకు తాళమేసిన్రు. గంతే గద?"

అతను ఛైర్మన్ వైపు చూశాడు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. ముప్పై తెరలు, అరవై మంది పిల్లలు, వరండా, కాగితం మీద రాసిన ఆ ఒక్క మాట, ఏడేళ్ల కింద ఇదే గదిలో ఒక మనిషి చెప్పిన సంగతి, దాన్ని నేను నవ్వులపాలు చేసిన సంగతి. అదే పరీక్ష రోజు కిటికీ వరసలోని అతి పాత కార్డులే కాలేజీ పరువు కాపాడాయని కూడా చెప్పాను. కొనుగోలు కాగితం మీద ఈ వాక్యం లేకపోతే నా సంతకం ఉండదని చెప్పి కూర్చున్నాను.

ఛైర్మన్‌కు వాదనలంటే విసుగు. "సగం గట్ల, సగం గిట్ల తీసుకోండ్రి. ఇంక బంద్ చెయ్యండ్రి," అని లేచిపోయాడు. అలా పదిహేను కార్డులు కంపెనీవి, పదిహేను తెరిచిన డ్రైవర్‌వి వచ్చాయి. ఎవరైనా దీన్ని గెలుపంటే నేను ఒప్పుకోను.

పాత ముప్పై కార్డులను ఏం చేస్తారని ప్రిన్సిపాల్‌ను అడిగాను. ఊళ్లలో బడులకు ఇవ్వొచ్చు, అన్న వచ్చి అన్నింట్లో పాత డ్రైవర్ వేసిస్తానన్నాడు అని చెప్పాను. చూద్దామన్నాడు. వారం తర్వాత ఒక మధ్యాహ్నం ల్యాబ్ నుంచి వస్తుంటే వెనక గేటు దగ్గర స్క్రాప్ ఆటో ట్రాలీ ఆగి ఉంది. విరిగిన కుర్చీల మీద, తుప్పు పట్టిన ఫ్యాన్ల మీద మా కార్డులు కుప్పగా పడి ఉన్నాయి. గాలికి వాటి చిన్న ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పరిగెత్తాను. కాగితాలు అయిపోయాయి మేడం అన్నాడు వాచ్‌మన్. ప్రిన్సిపాల్ గదికి పోయాను. ఆయన ఊళ్లో లేడు. నేను తిరిగొచ్చేసరికి ట్రాలీ వెళ్లిపోయింది.

అన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఒక్క తిట్టు తిట్టాడు. ఆయన నోట తిట్టు వినడం అదే మొదలు. కాలేజీవాళ్లు ఈ మధ్య ఆయన్ని మళ్లీ రమ్మని అడిగారు, అవసరమైనప్పుడు వచ్చి చూసిపోవాలట. రానన్నాడు. "నాకు గులాబీలు కోసే పనున్నది," అన్నాడట. నన్ను మాత్రం చెల్లె అనే పిలుస్తున్నాడు.

కంపెనీకి నేను ఇప్పటికి మూడుసార్లు రాశాను. వదిలేసిన కార్డుల చాబీ అయినా బయట పెట్టమని. మొదటిసారి మాత్రం జవాబు వచ్చింది, కొత్త కార్డుకు మారమని సలహా ఇస్తూ. నాలుగోసారి కూడా రాస్తాను. దానివల్ల ఏమీ కాదని తెలుసు. ల్యాబ్‌లో నాతో పనిచేసేవాళ్లు, "ఇంకెన్ని రోజులు మేడం ఈ కోపం?" అంటారు. ఈ మధ్య ఆ ప్రశ్నకు కూడా కోపమే వస్తోంది.